గడప తీసేసిన దుకాణం

“పిల్లను పట్టుకొని కూసోవాల్సింది మీరు మేడం. బట్టలు చూపిచ్చుడు మా పని. పిల్లల్ని కాసుడు మా పని కాదు.”

“ఉన్నదో లేదో తెల్వని తలుపు పెట్టి, పిల్ల గుద్దుకుంటే నా మీదికి తోస్తున్నవా? పెద్దోళ్ళకే కనబడదది. గింత పిల్లకు కనబడతదా?”

“రోజు ఎంతమంది వస్తలేరు, ఎంతమంది పోతలేరు? ఎవ్వరు గుద్దుకోలే. మీ పిల్లనే గుద్దుకున్నదంటే మీరు చూసుకోలేదన్నట్టే కదా.”

“అంటే నా బిడ్డను నేను గాలికి వదిలేసిన్నా?”

బట్టల దుకాణం చిన్న సేటూ, నా కోడలూ ఇట్లా మాటకు మాట పెంచుకుంటున్నారు. నేను అక్కడే నేల మీద కూలబడి ఉన్నాను. మనుమరాలు నా ఒళ్ళో ఉంది. అద్దాల తలుపుకు గుద్దుకుని నుదురు పగిలింది. నెత్తురు కారుతుంటే నా నూలు చీర కొంగు మడతపెట్టి ఒత్తి పట్టుకున్నాను. పాత చీర కాబట్టి మెత్తగా ఉంది, నెత్తురు బాగా పీల్చింది. పిల్ల ఏడుపు మానేసి వాళ్ళిద్దరి నోళ్ళ వంకే చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. అంతమంది పెద్దవాళ్ళు ఉన్నారు, ఒక్కరైనా ఆటో పిలవలేదు.

“మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండ్రి. ముందుగాల ఆటో పిలువుండ్రి” అన్నాను. అప్పటికి గానీ చీరలు మడతపెట్టే అమ్మాయి ఒకతి రోడ్డు మీదికి పరిగెత్తలేదు.

ఆటో ఎక్కుతుంటే చిన్న సేటు వెనకే వచ్చాడు. చెడ్డవాడని అనను. భయపడ్డాడు, మొహంలో నెత్తురు లేదు. ఏమనాలో తోచక, “బిల్లుల ఏమన్న తగ్గిస్తం లే అవ్వా” అన్నాడు. బతుకంతా బేరం ఆడినదాన్ని నేను. కూరగాయల అంగడిలో నన్ను చూస్తేనే బుట్ట మీద గోనె కప్పుకునేవాళ్ళున్నారు. అయినా బేరం ఎప్పుడు ఆడాలో నాకు తెలుసు. అది ఆ వేళ కాదు. జవాబు చెప్పకుండా ఆటో పోనిమ్మన్నాను.

దవాఖానలో కుట్లు వేశారు. పిల్ల నా వేలు పట్టుకుని పిండేసింది గానీ నోరు విప్పలేదు. ఎముకకు ఏమీ కాలేదని, కనుబొమ్మ మీద సన్నగా ఒక గీత మాత్రం మిగిలిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నా కోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అప్పటిదాకా దుకాణంలో అంత గొంతు పెట్టిన మనిషి, ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

మేము ఆ రోజు దుకాణానికి వెళ్ళింది కోడలి తమ్ముడి పెండ్లి బట్టల కోసం. దాని తల్లిగారిది రుద్రూర్ దగ్గరి పల్లె. ఒక్కడే తమ్ముడు. ఆ పెండ్లికి ఇదే ఆడబిడ్డ. కొత్త కోడలిని గుమ్మంలో ఆపి పేరు చెప్పించేది, హారతి పట్టేది, లోపలికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది ఇదే. నెల నుంచీ అదే ముచ్చట ఇంట్లో. ఏ రంగు కట్టుకోవాలి, పిల్లకు ఏం కుట్టించాలి అని. పొదుపుగా ఉండమని నేను అంటూనే ఉన్నాను, అది వింటూనే ఉంది, అయినా పట్టుచీర దగ్గర మాత్రం తగ్గలేదు. సరే, ఒక్క తమ్ముడి పెండ్లి, నేనూ ఊరుకున్నాను.

బాన్సువాడలో ఇప్పుడు బట్టల దుకాణాలకు కొదువ లేదు. అయినా మా ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆ దుకాణానికే పోతాం. నేను పెండ్లి చేసుకుని ఈ ఊరికి వచ్చిన నాటి అలవాటు అది.

మా పుట్టిల్లు కోటగిరి పక్కన కాలువ కింది ఊరు. చదువు మూడో తరగతితో ఆగింది. రాయడం, కూడబలుక్కుని చదవడం వచ్చింది, అంతే. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నన్ను వెంటబెట్టుకుని మొదట తీసుకెళ్ళింది ఆ దుకాణానికే. అప్పుడది ఒక్క గది. రోడ్డు మీద నుంచి రెండు మెట్లు ఎక్కాలి. మెట్ల మీద చెప్పులు విడవాలి. లోపల గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద తెల్లటి దుప్పటి. సేటు ఒక దిండుకు ఆనుకుని కూర్చునేవాడు. ఇప్పుడాయన పెద్ద సేటు, అప్పుడు మీసాలు వస్తున్న మనిషి. మమ్మల్ని చూడగానే “రా అక్కా, కూసో” అనేవాడు. బట్టల తాను విసిరితే అది పరుపు మీద దొర్లుకుంటూ వచ్చి మా మోకాళ్ళ దగ్గర ఆగేది. కొత్త బట్ట వాసన, గంజి వాసన, గది మూలలో ఊదుబత్తి వాసన. ఇప్పటికీ కొత్త లంగా గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు ఆ గదే గుర్తొస్తుంది.

ఆ దుకాణానికి టేకు గడప ఉండేది. ఎత్తైన గడప. జనం కాళ్ళకు మధ్యలో అరిగి, గిన్నెలా లోతు పడింది. ఆ గడప లోపలి పక్కన, తలుపుకు వీపు ఆనించి సేటు తల్లి కూర్చునేది. ఆమెను ఊళ్ళో అందరూ గడపవ్వ అనేవాళ్ళు. ముందర ఒక చాటలో పత్తి. రోజంతా వత్తులు చేస్తూ ఉండేది. వ్యాపారంలో వేలు పెట్టేది కాదు. ధర చెప్పేది కాదు, చీర బాగుందనేది కాదు. ఆమె చేసే పని ఒక్కటే. ఒక కాలు గడప వెంట బారుగా చాపుకుని కూర్చోవడం.

మోకాలి నొప్పి కోసం చాపుతుందని నేను మొదట అనుకున్నాను. రెండు మూడు సార్లు పోయాక తెలిసింది. మనలో ఎవరైనా కూర్చున్న మనిషి కాలు దాటి పోతారా? పోరు. పిల్లలకు నడక రాగానే నేర్పుతాం, పెద్దల కాళ్ళు దాటకూడదని. అందుకని లోపలి పిల్ల బయటికి పోవాలంటే గడపవ్వ కాలు ముడవాలి. గడపవ్వ ముడవదు. “ఎవని పిల్లవే నువ్వు? మీ అమ్మ ఏదే?” అని అడుగుతుంది. తల్లి ఇటు తిరిగి సరేనంటే గానీ కాలు తీయదు. పెద్దవాళ్ళు మూటలు పట్టుకుని పోతుంటే మాత్రం తనే ముందు ముడుచుకునేది.

అక్కడికి అందరూ వచ్చేవాళ్ళు. తండాల నుంచి ఆడవాళ్ళు చంకలో ఒకరిని, చేతికి ఒకరిని పట్టుకుని వచ్చేవాళ్ళు. మద్నూర్ వైపు నుంచి మరాఠీ మాట్లాడేవాళ్ళు పెండ్లిళ్ళ కాలంలో గుంపుగా దిగేవాళ్ళు. గడపవ్వకు ఆ మాటలేవీ పూర్తిగా రావు. ప్రతి మాటలోనూ పిల్లల్ని గదమాయించడానికి సరిపడా మాత్రం వచ్చు. పిల్ల ఏడిస్తే ఒళ్ళో నుంచి చక్కెర ముక్క తీసి నోట్లో పెట్టేది. మేము నిశ్చింతగా బట్టలు చూసుకునేవాళ్ళం. పిల్లలు ఎక్కడున్నారని ఒక్కసారి కూడా తల తిప్పి చూసిన జ్ఞాపకం లేదు నాకు. చూడాల్సిన పని లేదు. కాలు అక్కడ ఉంది.

నా కొడుకు, అంటే ఈ పిల్ల తండ్రి, దీని వయసులో ఉన్నప్పుడు ఒకసారి అదే పరుపు మీద దెబ్బ తిన్నాడు. సేటు బట్ట కొలిచే ఇనుప గజం పక్కకు ఆనించి పెట్టాడు. వీడు దాని కింద చెయ్యి పెట్టి ఆడుతూ లాగాడు. అది జారి కాలి బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడి లేచొచ్చింది. వీడి అరుపుకు రోడ్డు మీది సైకిళ్ళు ఆగాయి.

గడపవ్వ చాట పక్కకు పెట్టి లేచి వచ్చింది. ముందు నా వైపు తిరిగింది.

“ఏమే, పిల్లగానికన్న జాకిట్ గుడ్డ ఎక్కువైందా నీకు? పక్కన కూసున్న పిల్లగాడు ఏం జేస్తుండో చూడరాదా?”

నేను నోరు తెరిచేలోగా తన కొడుకు, సేటు వైపు తిరిగింది.

“నువ్వేంది రా, పిల్లలు తిరిగే కాడ ఇనుప గజం నిలబెట్టినవ్? పండబెట్టొస్తలేదా?”

ఇద్దరం తలలు వంచుకున్నాం. ఆమె పసుపూ నూనే కలిపి, తన పత్తితోనే వేలికి కట్టు కట్టింది. చక్కెర ముక్క వీడి నోట్లో పెట్టింది. తర్వాత చేతులు తుడుచుకుని, “ఇగ బేరం చేసుకోండ్రి” అని మళ్ళీ గడప దగ్గర కూర్చుంది. అంతే. తప్పు నీదా నాదా అని సేటుకూ నాకూ మధ్య ఒక్క మాట లేదు. ఇద్దరికీ సమంగా పడ్డాయి కదా చీవాట్లు, ఇక తేల్చుకోవడానికి ఏం మిగిలింది? ఆ రోజు నుంచీ ఆయన గజం పండబెట్టే ఉంచాడు. నేను కూడా బట్ట చూస్తున్నంతసేపూ వీడి చొక్కా అంచు నా మోకాలి కింద అదిమి పెట్టేదాన్ని.

గడపవ్వ పోయి చాలా ఏండ్లయింది. ఆమె పోయాక కూడా గడప ఉండేది. ఈ మధ్యనే చిన్న సేటు దుకాణం కొత్తగా కట్టించాడు. రెండంతస్తులు, చల్లటి గాలి, నిలువెత్తు అద్దాలు. పెద్ద సేటు మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడు. చెప్పులు విడవక్కర్లేదు. పరుపు లేదు, కుర్చీలు. అక్కా అనే పిలుపు పోయి మేడం వచ్చింది. గల్లా వెనక గోడ మీద ఒక బోర్డు అతికించాడు. ఆ రోజు చీరలు తీసేలోగా కూడబలుక్కుని చదివాను. “పిల్లల బాధ్యత తల్లిదండ్రులదే” అని ఉంది. బాగానే ఉంది అనుకున్నాను. నేనూ ఇంట్లో కోడలికి రోజూ చెప్పే మాటే అది.

మెట్లు తీసేశాడు. గడప తీసేశాడు. లోపలి నుంచి రోడ్డు దాకా ఒకటే రంగు నున్నటి బండ. మధ్యలో అద్దం. రోజూ తుడుస్తారు కాబట్టి అది ఉందనే తెలియదు.

సాయంత్రం కొడుకు పని నుంచి వచ్చాడు. ట్రాక్టర్ల సామాన్ల దుకాణంలో లెక్కలు రాస్తాడు. పిల్లను ఎత్తుకుని కట్టు చూశాడు. తర్వాత జేబులో నుంచి ఫోన్ తీశాడు. చిన్న సేటు సీసీ కెమెరాలో పడ్డది పంపించాడట. తన తప్పు లేదని చూపించుకోవడానికి.

“చూడు” అని పెండ్లాం ముందర పెట్టాడు. “నీ తలకాయ ఎటున్నదో చూడు. పిల్ల నీ వెనక నుంచి పోతుంటే ఒక్కసారన్న తిరిగినవా?”

కోడలు చివరిదాకా చూసి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

దుకాణపోడు కూడా తప్పించుకోలేడని, రేపు పొద్దున స్టేషన్‌కు పోయి కంప్లైంట్ ఇస్తానని వాడు అన్నాడు. ఆ మాట అంటూనే మళ్ళీ పెండ్లాం మీదికి వచ్చాడు. ఇక మీదట పిల్లను బయటికి తీసుకుపోయే పని పెట్టుకోవద్దన్నాడు. తల్లివై ఉండి చీరల మీద పడ్డావని అన్నాడు. అది ఒక్కటి అనకుండా ఉండాల్సింది.

కోడలు లేచి వంటింట్లోకి పోయింది. నేను వెనకాల పోయాను. బియ్యం కడుగుతోంది. నా వైపు చూడకుండా, తను పెండ్లికి పోనని చెప్పింది. పిల్ల నుదుటి మీద కట్టుతో పోతే తల్లిగారింట్లో అందరూ ఏమైందని అడుగుతారట. చీర చూసుకుంటూ పిల్లను వదిలేసిందని చెప్పాల్సి వస్తుందట. హారతి వాళ్ళ పిన్ని కూతురు పట్టుకుంటుందిలే అంది. గొంతు మామూలుగానే ఉంది. బియ్యం మాత్రం కడిగిందే కడుగుతోంది. మామూలుగా అయితే అన్ని నీళ్ళు పారబోస్తే నేను ఊరుకోను. ఆ రోజు ఊరుకున్నాను.

నా కోడలికీ నాకూ పొద్దున లేస్తే ఏదో ఒకటి ఉంటుంది. లైటు ఆర్పలేదని, సబ్బు నీళ్ళలో వదిలేసిందని అంటూనే ఉంటాను. దానికి నేనంటే భయం, కొంచెం విసుగూ ఉన్నాయి. అయితే పిల్ల విషయంలో అది నిర్లక్ష్యం మనిషి కాదు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలిసిన సంగతి ఇంట్లో నేను ఎన్నడూ పైకి అనలేదు, అంతే.

బయటికి వచ్చి కొడుకు చేతిలో ఫోన్ తీసుకున్నాను. ఎట్లా నొక్కాలో వాడే చూపించాడు. చూశాను. పచ్చ పట్టుచీర ఒకటి విప్పి వెలుగులో పట్టారు. చిన్న సేటు, పనిచేసే ఇద్దరమ్మాయిలు, నా కోడలు, పక్క కుర్చీల్లోని వేరే వాళ్ళు, అందరి తలలూ ఆ చీర వైపే. నెరిసిన తల ఒకటి అందరికన్నా ముందుకు వంగి అంచు వేళ్ళతో నలిపి చూస్తోంది. అది నేనే. వెనక నుంచి పిల్ల నడుచుకుంటూ తలుపు దాకా పోయింది. అక్కడ ఆగింది. తల వంచి కిందికి చూసింది. తర్వాత ఒక్కసారిగా పరిగెత్తింది.

మళ్ళీ పెట్టించుకుని చూశాను. ఎందుకు ఆగిందో, కింద ఏం చూసిందో నాకు అంతుపట్టలేదు. బండ మీద ఏమీ లేదు.

దీపాలు పెట్టే వేళకు పెద్ద సేటు వచ్చాడు. మనుమడి బండి మీద వెనక కూర్చుని, కర్ర పట్టుకుని దిగాడు. సంచిలో బత్తాయిలు. నేను కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. ముందు పిల్ల దగ్గరికి పోయి వంగి చూశాడు.

“అక్కా, నాకు ఇప్పుడే చెప్పిన్రు” అన్నాడు.

కొడుకు మర్యాద తప్పకుండానే, తను రేపు కంప్లైంట్ ఇవ్వబోతున్నానని ఆయన మొహం మీదే చెప్పాడు. ఆయన తల ఊపాడు.

“ఇయ్యి బిడ్డా. అడ్డం చెప్పను. నీ బొటనవేలు మీద గజం పడ్డనాడు మా అమ్మ ఉన్నది కాబట్టి బతికినం. ఇప్పుడు లేదు కదా.”

పిల్ల నా పక్కన పీట మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది. ఏదో ఒకటి అనాలని నేనే దాన్ని అడిగాను, అంత ఉరుకుడు దేనికే అని. బయట మేకపిల్ల పోతోందట, తెల్లటిదట.

“ఉరికితే ఉరికినవ్. ఇంట్ల ఎట్ల దాటుతవ్ నువ్వు? ఆగి, కిందికి చూసి, కాలెత్తి దాటమని నీకెన్నిసార్లు చెప్పిన?”

“ఆగిన బాపమ్మా” అంది. “కిందికి చూసిన. గడప లేదు. అందుకే ఉరికిన.”

బత్తాయి తొన నోట్లో పెట్టుకుంది.

ఇది నేను నేర్పిన నడక. మా ఇంట్లో గడప పొద్దున్నే కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాలి. దాని మీద నిలబడకూడదు, కూర్చోకూడదు, పరిగెత్తుతూ దాటకూడదు. ఈ పిల్ల ఉరికి దాటితే వెనక్కి పిలిచి మళ్ళీ దాటించేదాన్ని. ఏడ్చినా వదిలేదాన్ని కాదు. తలుపు అంటే దానికి గడప. గడప ఉన్నచోట ఆగాలి. లేని చోట అది తలుపే కాదు, ఉత్త దారి. అద్దం దగ్గర చేయాల్సింది ఆ పిల్ల చేసింది. ఆగి చూసింది. ఆపేది అక్కడ ఏమీ లేదు.

పెద్ద సేటు కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

అప్పుడు నాకు గడపవ్వ యాదికొచ్చింది. అందరినీ అనాల్సిన వేళ అదే అనిపించింది.

“తమ్మీ, నీ కొడుకు గోడ మీద రాసి పెట్టిండు, పిల్లల జిమ్మ తల్లిదండ్రులదేనని. రాసినోనికి పని ఒడిసింది. మీ అమ్మ ఏమన్న రాసిందా? కాలు చాపుకొని కూసున్నది. అద్దం పెట్టుకుంటే పెట్టుకున్నరు. గడప ఎందుకు తీసిన్రు?”

నేను కొడుకు వైపు తిరిగాను.

“నువ్వేంది రా, గా ఫోన్ల నీ పెండ్లాం తలకాయ ఒక్కటే కనబడ్డదా నీకు? పక్కన తెల్ల తలకాయ ఎవరిది? దాన్ని ఒక్కదాన్నే నిలదీస్తున్నవ్. నన్ను అడగవేం?”

“అమ్మా, నేను గట్ల...”

“గట్లనే అన్నవ్. నీ గోరు ఊడిననాడు గిట్లనే మీ నాయన నన్ను అంటే, నేను మళ్ళ నిన్ను ఎత్తుకొని అంగట్లకు పోకపోదును.”

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. దాన్నీ వదల్లేదు నేను.

“నువ్వు గూడ. చీర చూసేటప్పుడు పిల్ల లంగా అంచు మోకాలు కింద పెట్టుకోవాలె. కుర్చీలైతే చెయ్యి పట్టుకోవాలె. రేపు పోయి గా పచ్చ చీరనే తెచ్చుకుంటవ్. పెండ్లికి పోతవ్, హారతి పడతవ్. పిల్ల నుదుటికి ఏమైందని ఎవరన్న అడిగితే మా అత్తను అడుగుండ్రి అను. నేను చెప్త.”

అది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కాసేపటికి పెద్ద సేటుకు చాయ తెచ్చి ఇచ్చింది. ఆయన చాయ తాగుతూ, పాత గడప కట్టె ఇంకా ఇంటి వెనక కొట్టంలోనే ఉందని చెప్పాడు. దుకాణం కూలగొట్టినప్పుడు పొయ్యిలోకి పనికొస్తుందని చిన్న సేటు అన్నాడట. తనకే కాల్చడానికి మనసు రాలేదట. పోయేటప్పుడు నా కొడుకు ఆయన చెయ్యి పట్టుకుని బండి ఎక్కించాడు. స్టేషన్ మాట మళ్ళీ ఎత్తలేదు. నిదానంగా పోనిమ్మని మనుమడికి చెప్పాడు.

మరునాడు పొద్దున మేము ముగ్గురం నడిచే పోయాం. ఆటో కిరాయి దేనికి, ఆ మాత్రం దూరానికి. కోడలు దారి పొడవునా పిల్ల చెయ్యి వదల్లేదు.

దుకాణం ముందర మేస్త్రి కూర్చుని ఉన్నాడు. తలుపు దగ్గర నున్నటి బండ ఒక పట్టీ మేర పగలగొట్టి, పాత టేకు గడప అందులో దించాడు. పక్కన సిమెంటు ఇంకా తడిగానే ఉంది. మధ్యలో గిన్నెలా అరిగిన ఆ లోతు చూడగానే గుర్తుపట్టాను. పెద్ద సేటు పక్కనే నిలబడి చూస్తున్నాడు. పసుపు ఆయనే రాసినట్టుంది, వేళ్ళకు అంటుకుని ఉంది. అద్దం తలుపు ఇంతకుముందు లోపలికీ బయటికీ ఊగేది. ఇప్పుడు లోపలికి రాదు, గడపకు తట్టుకుంటుంది. చిన్న సేటు మొహం మాడ్చుకుని ఉన్నాడు.

“కస్టమర్లు తట్టుకొని పడతరు బాపూ” అంటున్నాడు.

“పడరు. కిందికి చూస్తరు” అన్నాడు పెద్ద సేటు.

చిన్న సేటు నా కోడలి వైపు చూశాడు. కొంచెం నసిగి, “రా అక్కా, కూసో” అన్నాడు. గోడ మీద బోర్డు అట్లాగే ఉంది.

పిల్ల గడప దగ్గర ఆగింది. తల వంచి చూసింది. కట్టు కళ్ళ మీదికి జారుతుంటే చేత్తో పైకి తోసుకుంది. కాలెత్తి దాటి లోపలికి పోయింది.

కోడలు పచ్చ చీర మళ్ళీ తీయించింది. అంచు చూడమని నన్ను పిలిచింది. నిన్న చూశాను కదా, బాగానే ఉందని చెప్పాను. నాకు కుర్చీ వద్దని, గడప పక్కన నేల మీదే కూర్చుని తలుపు పక్క గోడకు వీపు ఆనించాను. బండ చల్లగా ఉంది. మోకాలు నొప్పిగా ఉంటే ఒక కాలు గడప వెంట బారుగా చాపుకున్నాను.

కాసేపటికి చిన్న సేటు మూటలు పట్టుకుని బయటికి పోవడానికి వచ్చాడు. నా కాలు చూసి ఆగాడు. నేను ముడుచుకునేదాకా నిలబడి, అప్పుడు దాటి పోయాడు.